ప్లగ్గులు మార్చాక రేసు దిగడం లేదా? గాలి దారి వెతకండి

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 2009 సాంత్రో జింగ్, పెట్రోలు బండి. మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగా మండకపోవడం) వస్తోందని ఇంటి దగ్గరే నాలుగు ప్లగ్గులూ, నాలుగు ప్లగ్ వైర్లూ మార్చాను. చెయ్యి ఆడడానికి ఫిల్టరు నుంచి వచ్చే గాలి పైపు విప్పాను. అడ్డొచ్చిన రెండు మూడు రబ్బరు పైపులు పక్కకు లాగి మళ్లీ పెట్టాను. మిస్సింగ్ పోయింది, పికప్ కూడా బాగుంది. కానీ ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా రేసు (ఇంజన్ వేగం) దిగడం లేదు. స్కానర్ పెట్టి చూస్తే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) నిమిషానికి 1500 చుట్లు చూపించింది. ప్లగ్గులు నకిలీవి అయి ఉంటాయి, మళ్లీ మార్చమంటున్నారు మెకానిక్. మార్చమంటారా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఇప్పుడే మార్చకండి. ప్లగ్గుకూ వైరుకూ ఉన్న పని ఒక్కటే, సిలిండర్లోకి వచ్చిన గాలి, పెట్రోలు మిశ్రమాన్ని అంటించడం. ఎంత మిశ్రమం రావాలన్నది వాటి చేతిలో లేదు. ప్లగ్గు చెడితే ఇంజన్ వణుకుతుంది, రేసు పడిపోతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. నకిలీ ప్లగ్గు మహా అయితే మీ పాత మిస్సింగ్‌ను వెనక్కి తెస్తుంది. అంతేగాని 800 ఉన్న ఐడ్లింగ్‌ను 1500కు ఎక్కించలేదు. పెట్రోలు ఇంజన్లో రేసు పెరిగిందంటే లోపలికి గాలి ఎక్కువ వెళుతోందని అర్థం. మీ పని మధ్యలో ఆ గాలికి కొత్త దారి ఏదో తెరుచుకుంది. దాన్ని పట్టుకోవాలి.

చిన్న పైపు ఊడితే ఇంత తేడా వస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. లెక్క వేసి చూడండి. మీ ఇంజన్ 1086 సీసీ. నాలుగు సిలిండర్లూ ఒకసారి గాలి పీల్చడానికి ఇంజన్ రెండు చుట్లు తిరగాలి. అంటే 800 ఆర్పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర నిమిషానికి 400 సార్లు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) మూసి ఉంటుంది కాబట్టి మ్యానిఫోల్డ్ (అక్కడి నుంచి సిలిండర్లకు గాలి పంచే గొట్టం) లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో మూడో వంతు దగ్గర ఉంటుంది. ఈ లెక్కన ఇంజన్ నిమిషానికి పీల్చే బయటి గాలి రమారమి 150 లీటర్లే. అదే 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న సన్న పైపు ఒకటి మ్యానిఫోల్డ్ నుంచి ఊడితే, దాని గుండా నిమిషానికి వంద లీటర్ల పైమాటే లోపలికి దూసుకుపోతుంది. పెన్సిల్ కంటే సన్నని దారి ఒక్కటి చాలు, ఇంజన్‌కు అందే గాలి దాదాపు రెట్టింపు అవుతుంది.

సాంత్రోలో గాలిని అంచనా వేసేది మ్యాప్ సెన్సర్. అది మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని చూస్తుంది. దొంగదారిన వచ్చిన గాలి కూడా లోపలి ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని మామూలు గాలిగానే లెక్కగట్టి సరిపడా పెట్రోలు పోస్తుంది. అందుకే మీ ఇంజన్ వణకడం లేదు, మిస్ కావడం లేదు. హాయిగా, నున్నగా, 1500 దగ్గర తిరుగుతోంది. చెక్ లైటు కూడా రాకపోవచ్చు. ఈసీయూ తన వంతుగా ఐడిల్ వాల్వును (థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు గాలి పంపే చిన్న దారిని) మూసి రేసు దించాలనే చూస్తుంది. కానీ ఆ వాల్వు పూర్తిగా మూసుకున్నాక దాని చేతిలో ఇంకేమీ ఉండదు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక సంగతి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు 1200 నుంచి 1500 దాకా ఉండి, వేడెక్కే కొద్దీ దిగితే అది రోగం కాదు. ఏసీ వేసినప్పుడు కాస్త పెరగడమూ మామూలే. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక, ఏసీ, లైట్లు ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేకు వేసి చూడాలి. అప్పుడు కూడా 1500 ఉంటేనే కింద చెప్పినవి.

మొదట ఇంజన్ ఆపి, మీరు ముట్టుకున్న ప్రతి పైపునూ చేత్తో తడమండి. అన్నిటికంటే ముందు పీసీవీ పైపు చూడండి. ఇంజన్ లోపలి ఆవిరిని టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) మీద నుంచి మ్యానిఫోల్డ్‌కు తీసుకెళ్లే పైపు అది. ప్లగ్ వైర్లకు దగ్గర్లోనే ఉంటుంది, వైరు లాగేటప్పుడు మోచెయ్యి ముందు దానికే తగులుతుంది. ఇన్నేళ్లు నూనె ఆవిరీ వేడీ తిన్న రబ్బరు బిస్కెట్‌లా గట్టిపడి ఉంటుంది. పైనుంచి చూస్తే చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. క్లిప్పు వెనక్కి జరిపి, పైపును బొటనవేలితో కొంచెం వంచి, అడుగు భాగం చూడండి. సరిగ్గా వంపు దగ్గర, క్లిప్పు నొక్కుకున్న గీత పక్కనే, గోరు పట్టేంత చీలిక నల్లగా నోరు తెరుస్తుంది. వదిలేస్తే మళ్లీ మూసుకుపోతుంది. చీలిక కనిపిస్తే టేపు చుట్టకండి. నూనె తగిలితే టేపు రెండు రోజులు కూడా నిలవదు. అదే లోపలి కొలతతో, నూనెకు తట్టుకునే రబ్బరు పైపు కొత్తది వేయండి. మామూలు నీళ్ల పైపు వేస్తే వ్యాక్యూమ్‌కు (లోపలి పీల్పుకు) నొక్కుకుపోతుంది.

తర్వాత బ్రేక్ బూస్టర్‌కు (బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే డబ్బాకు) వెళ్లే లావు పైపు, పెట్రోలు ఆవిరిని క్యానిస్టర్ నుంచి తెచ్చే సన్న పైపు, మ్యాప్ సెన్సర్ కూర్చున్న చోటు, మ్యానిఫోల్డ్ మీద ఖాళీ గొట్టాలకు పెట్టిన రబ్బరు టోపీలు చూడండి. టోపీ ఒకటి ఎగిరిపోయినా ఇదే లక్షణం. బ్రేకు పెడలు మామూలు కంటే గట్టిగా ఉన్నా, పెడలు తొక్కినప్పుడు రేసు మారినా బూస్టర్ పైపును వెంటనే అనుమానించండి. అది సరయ్యే దాకా బండి రోడ్డెక్కించవద్దు.

మీరు విప్పిన పెద్ద గాలి పైపు మీద మాత్రం ఎక్కువ అనుమానం పెట్టుకోనక్కర్లేదు. అది థ్రాటిల్‌కు ముందు ఉంటుంది. మ్యాప్ సెన్సర్ ఉన్న బండిలో ఆ పైపు వదులైతే దుమ్ము లోపలికి పోతుంది, ఇంజన్‌కు చేటు చేస్తుంది, కానీ రేసు పెంచదు. రేసు పెంచే లీకు థ్రాటిల్ దాటాక ఉండాలి.

కంటికి ఏదీ కనిపించకపోతే ఇంజన్ స్టార్ట్ చేయండి. చున్నీ, వదులు చొక్కా, మెడలో గొలుసు లేకుండా చూసుకోండి, బెల్టు, ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి. రెండడుగుల రబ్బరు పైపు ముక్క ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను మ్యానిఫోల్డ్ చుట్టూ నెమ్మదిగా తిప్పండి. లీకు దగ్గర పాము బుస కొట్టినట్టు సన్నగా, ఆగకుండా వినిపిస్తుంది. దాంతోనూ తేలకపోతే పైపులను ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెత్తగా నొక్కి చూడండి. ఏది నొక్కితే రేసు చటుక్కున దిగుతుందో గాలి ఆ దారినే వస్తోంది. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ (అతుకులో ఉండే సీలు) మీద అనుమానం ఉంటే స్ప్రే సీసాతో అక్కడ కొద్దిగా నీళ్లు చల్లండి. నీటి పొర సందును ఒక క్షణం మూస్తుంది, రేసు తడబడుతుంది. కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ కడిగే స్ప్రే) కొట్టి చూసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. పద్ధతి పనిచేస్తుంది, కానీ అది మండే ద్రవం. కొత్త ప్లగ్ వైరు బూటు సరిగ్గా కూర్చోక నిప్పురవ్వ బయటికి దూకుతుంటే మంట లేవడానికి క్షణం చాలు. ప్లగ్గుల పని చేసిన రోజున ఆ డబ్బా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

లీకు లేదని తేలితే యాక్సిలరేటర్ కేబుల్ చూడండి. వేలితో పైకెత్తితే 1 నుంచి 3 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. గాలి పైపు తిరిగి పెట్టేటప్పుడు కేబుల్ దాని కింద ఇరుక్కుని బిగుసుకుపోవడం మామూలుగా జరిగేదే. అలా అయితే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. థ్రాటిల్ మూసుకున్నట్టు సెన్సర్ చెప్పకపోతే ఈసీయూ ఐడ్లింగ్ అదుపు మొదలే పెట్టదు.

ఆ పక్కనే కనెక్టర్లు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కనెక్టర్ ఊడితే ఈసీయూకి ఇంజన్ వేడి తెలియదు. చాలా బండ్లలో అప్పుడు రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చెక్ లైటు కూడా వస్తుంది. ఫ్యాను ఆగడం లేదంటే ముందు అక్కడికే వెళ్లండి.

స్కానర్ అందుబాటులో ఉందన్నారు కదా, దాన్ని కోడ్లు చెరపడానికే వాడి ఆపేయకండి. రేసు 1500 ఉండగా ఐడిల్ వాల్వు డ్యూటీ (వాల్వును ఎంత శాతం తెరవమంటోందో చెప్పే అంకె) ఎంత ఉందో చూడమనండి. డ్యూటీ బాగా కిందికి పడిపోయి ఉంటే, ఈసీయూ మూయాలని చూస్తోంది, గాలి వేరే దారిన వస్తోంది. అప్పుడు పైపులు, కేబుల్ వెతకాలి. డ్యూటీ ఎక్కువగా ఉంటే ఈసీయూయే రేసు అడుగుతోంది. అప్పుడు టెంపరేచర్ రీడింగ్, ఏసీ స్విచ్ సిగ్నల్ చూడాలి. ఈ ఒక్క అంకె సగం పని తగ్గిస్తుంది. మ్యాప్ రీడింగ్ కూడా చూడమనండి. మంచి ఇంజన్ ఐడ్లింగ్‌లో 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య చూపుతుంది. ఇంజన్ ఆపి కీ మాత్రమే ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడి కనిపించాలి. విశాఖలో వంద దాటుతుంది, ఎత్తు మీద ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. అలా లేకపోతే సెన్సర్ మాటే నమ్మడానికి లేదు.

ఇంకో రెండు కారణాలున్నాయి, మీ ప్రశ్నలో వాటి ఛాయ కనిపిస్తోంది. ఒకటి, మిస్సింగ్ ఉన్న రోజుల్లో బండి ఆగిపోతోందని ఎవరైనా థ్రాటిల్ ఆనుకునే స్క్రూ తిప్పారా, కేబుల్ బిగించారా? బలహీనమైన ఇంజన్‌ను నిలబెట్టడానికి చేసిన ఆ సర్దుబాటు, ఇప్పుడు నాలుగు సిలిండర్లూ నిండుగా మండుతుంటే ఎక్కువైపోతుంది. ప్లగ్గులు మారిస్తే రేసు పెరిగిందన్న మాటలో నిజం ఉందంటే ఇక్కడే. స్క్రూ మీద కంపెనీ పెట్టిన రంగు చుక్క పగిలి ఉంటే ఎవరో కదిపారని తెలిసిపోతుంది. రెండు, అదే రోజున థ్రాటిల్ బాడీ కూడా కడిగారా? మసి పట్టిన థ్రాటిల్‌కు సరిపడేలా ఈసీయూ ఐడిల్ వాల్వును ఎక్కువ తెరవడం నేర్చుకుని ఉంటుంది. మసి పోయాక ఆ పాత పాఠంతోనే కొన్నాళ్లు రేసు ఎక్కువ ఉంచుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు 15 నిమిషాలు తీసి పెట్టి, యాక్సిలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగే దాకా వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. లీకు ఉన్న బండికి ఈ వైద్యం చేస్తే రేసు తగ్గదు, రేడియోలో స్టేషన్లు పోవడమే మిగులుతుంది. అందుకే దీన్ని చివరికి పెట్టాం.

ఎలాగూ బానెట్ తెరిచారు కాబట్టి కొత్త ప్లగ్గుల మీద ఒక కన్నేయండి. ఎన్‌జీకే ప్లగ్ కోడ్ చివర 11 ఉంటే గ్యాప్ (నిప్పు దూకే సందు) 1.1 మిల్లీమీటర్లు. ఆ కోడ్ మధ్యలోని అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో అంకె పెరిగితే వేడిది. రెండు కంపెనీల అంకెలు పోల్చి కొనకండి. వాషరున్న కొత్త ప్లగ్గును చేత్తో చివరిదాకా తిప్పి, ఆ తర్వాత స్పానర్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు బిగిస్తే చాలు. వైరు బూటు కూర్చున్నప్పుడు 'టక్' మని వేలికి తెలియాలి. కోడ్‌లో ఆర్ (రెసిస్టర్ ఉందన్న గుర్తు) లేని ప్లగ్గులు, వట్టి రాగి తీగ వైర్లు చవగ్గా దొరికాయని వేయకండి. వాటి నుంచి వచ్చే విద్యుత్ రొద సెన్సర్ల సంకేతాలను చెడగొడుతుంది.

వైర్లు తారుమారయ్యాయన్న భయం మీకు అక్కర్లేదు. మీ బండిలో 1, 4 సిలిండర్లకు ఒకే కాయిల్ నుంచి ఒకేసారి నిప్పు వస్తుంది, 2, 3కు మరో కాయిల్ నుంచి. ఒక జత వైరు రెండో జతకు పోతే ఇంజన్ దగ్గుతుంది, మ్యానిఫోల్డ్‌లోకి ఢాం అంటుంది. నున్నగా తిరగదు.

ప్రశ్న: కార్బురేటర్ మారుతి 800 వాడుతున్నాను. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచే భాగం) క్యాప్, రోటర్ అన్నీ కొత్తవి వేయించాను. ఐడిల్ స్క్రూ పూర్తిగా విప్పినా రేసు దిగడం లేదు. వేడి మీద స్టార్ట్ చేస్తే సెల్ఫ్ వెనక్కి తన్నినట్టు అవుతోంది. (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: పై జవాబులో ప్లగ్గుల పని రేసు పెంచదన్నాం. మీ బండిలో దానికి మినహాయింపు ఉంది. డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజన్లో నిప్పు ఎప్పుడు పడాలో ఆ డిస్ట్రిబ్యూటర్ నిలబడ్డ కోణాన్ని బట్టి ఉంటుంది. పాత క్యాప్ గట్టిగా పట్టేసి ఊడి రాకపోతే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి ఊపుతారు, మళ్లీ బిగించేసరికి అది కొంచెం తిరిగి ఉంటుంది. నిప్పు ముందుగా పడితే అదే గాలి, అదే పెట్రోలుతో ఇంజన్ రేసు పెరుగుతుంది. వేడి మీద సెల్ఫ్ వెనక్కి తన్నడం దాని రెండో గుర్తు. టాప్ గేరులో బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు గలగలమని చప్పుడు వస్తే ఇక అనుమానమే లేదు. ఆ చప్పుడుతో నడిపితే పిస్టన్ పాడవుతుంది, ఆలస్యం చేయకండి.

చెవితో టైమింగ్ (నిప్పు పడే క్షణం) పెట్టే మెకానిక్ దగ్గరికి కాకుండా టైమింగ్ లైట్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. వ్యాక్యూమ్ అడ్వాన్స్ పైపు (పీల్పును బట్టి నిప్పును ముందుకు జరిపేది) తీసి, దాని మూతి మూసి, ఒకటో సిలిండర్ వైరుకు లైటు తగిలించి, మీ బండి పుస్తకంలో రాసిన గుర్తుకు తేవాలి. ఆ పైపు తిరిగి ఏ గొట్టానికి పెడుతున్నారో దగ్గరుండి చూడండి. థ్రాటిల్ పైభాగాన ఉన్న గొట్టానికి పెట్టాల్సింది, పొరపాటున నేరుగా మ్యానిఫోల్డ్ గొట్టానికి పెడితే ఐడ్లింగ్‌లోనే అడ్వాన్స్ లాగేస్తుంది. టైమింగ్ కుదిరాకే ఐడిల్ స్క్రూ ముట్టుకోవాలి. అప్పటికీ దిగకపోతే చోక్ పూర్తిగా వెనక్కి వెళుతోందా, కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోందా చూడండి. వైర్లు సరిచూసుకోవడానికి, సిలిండర్లలో నిప్పు పడే వరుస (ఫైరింగ్ ఆర్డర్) 1-3-2.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను. 2005 ఫోర్డ్ టారస్, 3.0 లీటర్ వల్కన్ ఇంజన్. స్నేహితుడితో కలిసి ఆరు ప్లగ్గులు, వైర్లు మార్చాం. ఐడ్లింగ్ 1200, కిందికీ పైకీ ఊగుతోంది. చెక్ లైటు వచ్చి పి 0171, పి 0174 చూపిస్తోంది. వైర్లు తప్పు పెట్టామా?

జవాబు: వైర్లు తప్పితే మిస్సింగ్‌ను చెప్పే పి 0300 వరుస కోడ్లు వస్తాయి. మీకు వచ్చిన రెండూ రెండు బ్యాంకుల్లోనూ (సిలిండర్ల రెండు వరుసల్లోనూ) మిశ్రమం పలచబడిందని చెబుతున్నాయి. మీ బండిలో గాలిని కొలిచేది ఎంఏఎఫ్ సెన్సర్. దాన్ని దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు, దానికి పెట్రోలు పడదు. అందుకే పై సాంత్రోలా నున్నగా కాకుండా ఊగుతూ తిరుగుతోంది, కోడూ వచ్చింది. వెనక వైపు, అంటే ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య గోడ) వైపున్న 1, 2, 3 ప్లగ్గుల కోసం చెయ్యి లోపలికి దూర్చినప్పుడు పీసీవీ పైపు మోచేతి వంపు రబ్బరు చిట్లి ఉంటుంది. ఈ ఇంజన్లో అది పేరుమోసిన బలహీనత. ఇంజన్ వెనక దాగి ఉంటుంది, అద్దం పెట్టి చూడండి. నొక్కితే లోపలికి మెత్తగా కుంగిపోయే రబ్బరు అయితే చిట్లకపోయినా మార్చేయండి. మీ బండిలో ఎంఏఎఫ్‌కూ థ్రాటిల్‌కూ మధ్య ఉన్న గాలి పైపు క్లాంపులు కూడా ముఖ్యమే, సాంత్రోకు చెప్పింది మీకు వర్తించదు.

నిర్ధారణకు స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలు ఎంత శాతం ఎక్కువ పోస్తోందో చెప్పే అంకె) చూడండి. ఐడ్లింగ్‌లో 20 శాతం పైన ఉండి, 2500 దగ్గర పట్టి ఉంచితే మామూలుకు దిగితే వ్యాక్యూమ్ లీకే. రెండు చోట్లా ఎక్కువే ఉంటే పెట్రోలు ఒత్తిడి, ఎంఏఎఫ్ మురికి చూడాలి.

ప్రశ్న: స్ప్లెండర్‌కు ప్లగ్గు మార్చినప్పటి నుంచి హ్యాండిల్ ఎడమకు తిప్పితే రేసు పెరుగుతోంది. (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: ప్లగ్ తీసేటప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ దాని దారి తప్పి ఎక్కడో బిగుసుకుంది. పెట్రోలు ట్యాంకు కిందా, హ్యాండిల్ మెడ దగ్గరా అది ఎలా వెళుతోందో చూసి సరిచేయండి. పిడి దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. హ్యాండిల్ రెండు చివరలకూ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ తిప్పి వదిలితే తనంతట తాను చటుక్కున వెనక్కి రావాలి. అలా వచ్చే దాకా బండి ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి.